పెయింట్ బకెట్లో గోంగూర, పాత రోట్లో పచ్చడి: గింజ నుంచి జాడీ దాకా

"గోంగూర చక్కగా మొలిచింది, వారం తిరక్కుండానే మెడలు వాల్చేసింది. ఎందుకు?" "పచ్చడి పెట్టిన పదో రోజుకే బూజు పట్టింది. ఉప్పు తక్కువైందా?" "పాత రోలు చవగ్గా దొరికిందని కొన్నాను, పచ్చట్లో ఇసుక తగులుతోంది. ఏం చేయను?"

ఈ మూడు ప్రశ్నలూ ఎవరో ఒకరు అడగని నెల లేదు. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఇప్పుడు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మొదటి రెండు ప్రశ్నలకీ దొంగ ఒకటే: తడి. బకెట్ అడుగున నిలిచిన తడి, ఆకు మీద మిగిలిన తడి, గరిటెకంటిన తడి. ఉప్పు పాపం ఎక్కువసార్లు అనవసరంగా నింద మోస్తుంది.

నాది హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, మేడ మీద వాటాకి వచ్చిన కాస్త జాగా. పుట్టిల్లు గుంటూరు వైపు. అత్తగారిది తెలంగాణ కాబట్టి మా ఇంట్లో ఒకే ఆకుకి రెండు పేర్లు: నాకు గోంగూర, ఆవిడకి పుంటికూర. కొలతలన్నీ నేను వాడేవే రాస్తున్నాను. మీ ఇంటి కారానికి, మీ ఎండకి తగ్గట్టు మార్చుకోండి.

కావలసినవి

మొక్కలకి: 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లు మూడు. ఒక్కటి చాలదు, ఎందుకో కోత దగ్గర చెబుతాను. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్, కొబ్బరిపొట్టు, రెండు మూడు గుప్పెళ్ల వేపపిండి, గోంగూర గింజలు, బకెట్ల కింద పెట్టడానికి ఇటుకలు.

పచ్చడికి: కాడలు తీసేసిన గోంగూర ఆకు 250 గ్రాములు, ఎండుమిర్చి 25, ధనియాలు 2 చెంచాలు, మెంతులు అర చెంచా, ఆవాలు 1 చెంచా, వెల్లుల్లి రెబ్బలు 15, రాళ్లుప్పు 25 గ్రాములు, నువ్వుల నూనె లేదా వేరుశనగ నూనె 120 మిల్లీలీటర్లు, తాలింపుకి ఇంకో నాలుగు ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. చెంచా అంటే టీ చెంచా.

సామానుకి: రాతి రోలు, మందపాటి స్టీలు మూకుడు, గాజు సీసా. రోలు లేకపోతే మిక్సీ. దానికేం నామోషీ లేదు.

పాత సామాను వేట

1. బకెట్ ఎంచుకోండి. మీ వీధిలో ఏ ఇంటికైనా రంగులు వేస్తుంటే ఆ పనివాళ్లని అడగండి. ఖాళీ బకెట్లు వాళ్లు ఎలాగూ పాత ఇనుము కొట్టుకే వేస్తారు. నీళ్లతో కలిపే గోడరంగు, అంటే ఎమల్షన్ తాలూకు బకెట్లే తీసుకోండి. ఆయిల్ పెయింట్, థిన్నర్, పురుగుమందు, యాసిడ్ నిలవుంచిన డబ్బాలు ఊరికే ఇచ్చినా వద్దు. తినే ఆకు పెంచుతున్నాం, పూల మొక్క కాదు. లోపల అంటుకున్న రంగుని నీళ్లలో రాత్రంతా నానబెడితే మర్నాడు పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఆ పొరల్ని ఏరి చెత్తలో వేయండి, కాలువలో పోయకండి.

బకెట్ దొరక్కపోతే 25 కిలోల బియ్యం సంచిని సగానికి మడిచి వాడొచ్చు. ఎండకి ఒక్క ఏడాదిలోనే పీలికలవుతుంది కానీ మొదటి ప్రయోగానికి చాలు. పళ్ల మార్కెట్లో పారేసే థర్మోకోల్ పెట్టెలు కూడా పనికొస్తాయి, లోతు కనీసం 8 అంగుళాలుంటే.

2. రోలు కొనేముందు మూడు పరీక్షలు చేయండి. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రోళ్లు ఓ మూల పడుంటాయి. అడిగితే మోసుకుపోండని ఇచ్చేస్తారు. నేను వెతికే చోట్లు రెండు: ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్. బేరం ఆడటం మీకొచ్చే ఉంటుంది. రాయి చూడటం మాత్రం నేర్చుకోవాలి.

మొదటిది చప్పుడు. చిన్న గులకరాయితో అంచు మీద తట్టండి. కంగుమంటే మంచిది. మొద్దుగా, చచ్చిన చప్పుడొస్తే లోపల పగులుంది. రెండోది గీత. తాళంచెవితో అడుగున గట్టిగా గీయండి. పొడి రాలితే అది సిమెంటో మెత్తరాయో అయి ఉంటుంది, జన్మంతా పచ్చట్లో పిండి కలుస్తూనే ఉంటుంది. మూడోది నిమ్మచుక్క. జేబులో చిన్న నిమ్మకాయ పెట్టుకెళ్లండి. రసం పడ్డచోట సన్నగా నురగలొస్తే సిమెంటు గానీ పాలరాయి గానీ. గోంగూర పులుపుకి అవి నిలవవు. అసలైన నల్లరాయి ఈ మూడింటికీ తొణకదు. దుకాణదారు మీ వంక వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

గుంట మరీ నున్నగా అరిగిపోయి ఉంటే బేరంలో ఆ మాట ఎత్తండి. కక్కు కొట్టేవాళ్లు ఇంకా కొన్ని వీధుల్లో తిరుగుతున్నారు, గరుకు మళ్లీ తెప్పించుకోవచ్చు.

3. రోలుని మచ్చిక చేసుకోండి. ఇసుక తగులుతోందన్న ప్రశ్నకి జవాబు ఇదే. కొబ్బరి పీచుతో, వేడినీళ్లతో గట్టిగా తోమండి. సబ్బు వద్దు, ఆ వాసన గరుకులో దాక్కుంటుంది. తర్వాత గుప్పెడు నానబెట్టిన బియ్యం, చెంచాడు రాళ్లుప్పు వేసి పది నిమిషాలు నూరి పారేయండి. మొదటిసారి ముద్ద బూడిదరంగులో వస్తుంది. ఇలా నాలుగైదుసార్లు చేయాలి, కక్కు కొట్టించిన రోలైతే ఏడెనిమిది. ఆ ముద్దని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. తెల్లగా ఉండి, గరగరలాడకపోతే రోలు సిద్ధం. కళ్లని నమ్మకండి, వేళ్లనే నమ్మండి. కంటికి తెల్లగా కనిపించిన ముద్దలో కూడా పంటికి తగిలే రేణువు ఉంటుంది. ఆ ముద్ద పిట్టలకీ వేయకండి, ఉప్పు ఎక్కువ.

4. జాడీ, సీసా. సంతలో పాత పింగాణీ జాడీలు చూస్తే చేయి ఆగదు, నాకు తెలుసు. నీళ్లు నింపి పాత పేపరు మీద ఒక రోజంతా ఉంచండి. పేపరు చెమ్మగిల్లితే అందులో పూలు పెట్టుకోవడమే. లోపలి మెరుపు మీద జుట్టులాంటి నెరియలున్నా, రంగుల పూత లోపలి వైపు కూడా ఉన్నా పుల్లని పచ్చడికి వాడకండి. పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది, పులుపు దాన్ని లాగుతుంది. అనుమానమున్న ప్రతిసారీ గాజు సీసానే వాడండి. అమ్మమ్మ అటక మీద పాత హార్లిక్స్ గాజు సీసా ఇంకా ఉంటే దాన్ని మించింది లేదు. ఒక్కటే జాగ్రత్త: రేకు మూత పులుపుకి తుప్పు పడుతుంది. మూత కింద బటర్ పేపర్ ముక్క వేసి బిగించండి.

మొక్కల పని

5. ఎప్పుడు వేయాలి? గోంగూర ఏడాదంతా మొలుస్తుంది, కానీ ఏడాదంతా ఒకేలా పెరగదు. పగళ్లు పొట్టివి అవుతుంటే ఇది పూతకొచ్చే రకం. ఆకు కోసమైతే ఫిబ్రవరి, మార్చిలో గానీ, తొలకరి పడ్డాక జూన్, జూలైలో గానీ వేయండి. సెప్టెంబరు దాటాక వేస్తే మొక్క జానెడు ఎత్తులోనే మొగ్గ తొడిగి, ఆకు చిన్నదైపోతుంది. "ఎరువు వేసినా ఆకు పెరగడం లేదు" అని దసరా తర్వాత అడిగేవాళ్లందరికీ ఇదే జవాబు, ఎరువుది తప్పు కాదు. ఆ నెలల్లో తినాలనిపిస్తే ఒత్తుగా చల్లి, 30 రోజులకే వేళ్లతో పీకి పప్పులో వేసుకోండి.

6. గింజలు. ఎర్రకాడ గోంగూర పులుపెక్కువ, పచ్చడికి అదే. తెల్లకాడది పులుపు తక్కువ, పప్పుకి బాగుంటుంది. విత్తనాల కొట్లో రెండూ దొరుకుతాయి. బయటి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు పేరు మార్చి అడగాలి: కర్ణాటకలో పుండి, తమిళనాడులో పుళిచ్చ కీరై, మహారాష్ట్రలో అంబాడి. అమెరికాలో ఉన్నవాళ్లు రోజెల్ అని వెతకండి. సోరెల్ అన్న ఒక్క మాట చూసి తెప్పించుకుంటే చుక్కకూర జాతి మొక్క వచ్చే ప్రమాదం ఉంది. అది కూడా పుల్లగానే ఉంటుంది కానీ గోంగూర పచ్చడి మాత్రం అవదు. చలి దేశాల్లో మంచు పూర్తిగా పోయి రాత్రులు వెచ్చబడ్డాకే మొక్కని బయట పెట్టండి.

పాత గింజలైతే ముందు పది గింజల్ని తడిగుడ్డలో చుట్టి నాలుగైదు రోజులు చూడండి. ఏడు మొలిస్తే నిశ్చింతగా వేయండి. నాలుగే మొలిస్తే రెట్టింపు చల్లండి. అంతకన్నా తక్కువైతే కొత్తవి కొనండి.

గింజలే లేకపోతే? రైతుబజార్లో వేళ్లతో సహా కట్టిన కట్ట కొనండి. ఆకు వంటకి దూసుకుని, వేళ్ల పైన అయిదంగుళాల కాడ మిగిల్చి నాటండి. వారం రోజులు నీడలో ఉంచితే, నా దగ్గర సగానికి సగం బతికాయి. పప్పుకి కొన్న కట్టకి మొక్కలు కొసరు అన్నమాట.

7. చిల్లులు. బకెట్ అడుగున పెన్సిల్ లావున ఏడెనిమిది చిల్లులు పెట్టండి, అడుగుకి అంగుళం పైన పక్కల ఇంకో నాలుగు. నేలకి ఆనుకుని అడుగు చిల్లులు మూసుకుపోయినా పక్కవి కాపాడతాయి. డ్రిల్లు ఉంటే డ్రిల్లే వాడండి. చువ్వ కాల్చి పొడిచేవాళ్లు ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా నిలబడండి, ప్లాస్టిక్ పొగ పీల్చడం మంచిది కాదు. లోపల చిల్లుల మీద పెంకు ముక్కలో కొబ్బరి పీచో పరచండి.

8. మట్టి కలపండి. ఎర్రమట్టి నాలుగు పాళ్లు, ఎరువు మూడు, కొబ్బరిపొట్టు మూడు, బకెట్‌కి గుప్పెడు వేపపిండి. ఎరువు ముక్కు దగ్గర పెట్టుకోండి. పేడ వాసన వస్తుంటే ఇంకా మాగలేదు, వేళ్లని కాల్చేస్తుంది. వానకి తడిసిన నేల వాసన రావాలి.

రెండు చోట్ల సరిచూసుకోండి. కలిపిన మట్టిని కాస్త తడిపి పిడికిట్లో బిగిస్తే ముద్దవ్వాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. బకెట్ నింపాక లీటరు నీళ్లు పోయండి. నిమిషం రెండు నిమిషాల్లో కిందినుంచి చుక్కలు మొదలవ్వాలి. అయిదు నిమిషాలకీ పైన నీళ్లు నిలిచే ఉంటే గింజలు వేయకండి, బద్ధకించకుండా మట్టి తీసి ఇంకాస్త కొబ్బరిపొట్టు కలపండి. ఇక్కడ పది నిమిషాలు మిగుల్చుకున్నవాళ్లే తర్వాత మెడలు వాల్చేసిన మొలకల ఫొటోలు పంపేది.

తడిసిన బకెట్ 20 కిలోల పైనే తూగుతుంది. మేడ మధ్యలో గుంపుగా కాక, గోడల వెంబడి, ఇటుకల మీద పెట్టండి. కింద గాలి ఆడుతుంది, స్లాబు తడవదు.

9. విత్తడం, నీళ్లు. గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున బకెట్‌కి 20 చొప్పున అర అంగుళం లోతులో, ఎడంగా వేయండి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. నాలుగాకులు వచ్చాక బలమైన ఎనిమిది మొక్కలు ఉంచి మిగతావి పీకేయండి. పీకడానికి మనసొప్పదు, కానీ పీకాల్సిందే. పీకినవి పప్పులోకి.

మెడ దగ్గర సన్నబడి మొలక వాలిపోవడం ఒత్తుగా చల్లి, రోజుకి రెండుసార్లు నీళ్లు పోయడం వల్ల వచ్చే తెగులు. వాలిన మొలక లేవదు. చుట్టూ ఉన్నవి పల్చన చేసి, పై మట్టి ఆరనిచ్చి, ఎండ తగిలేచోటికి జరపండి. నీళ్లు ఎప్పుడు పోయాలో గడియారాన్ని అడక్కండి. వేలు కణుపు దాకా గుచ్చి చూడండి, లోపల పొడిగా ఉంటేనే పోయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పూటపూటకీ అవసరం పడొచ్చు. ఎండ కనీసం అయిదారు గంటలు తగలాలి. బాల్కనీ నీడలో పెరిగే గోంగూర కాడ పొడుగ్గా సాగుతుంది, ఆకు పల్చగా, పులుపు లేకుండా వస్తుంది.

10. పురుగు. గోంగూరకి, బెండకి, మందారానికి చుట్టరికం ఉంది, ఒకే కుటుంబం. అందుకే మీ మందారం మీద తెల్ల పిండినల్లి ఉంటే అది నడుచుకుంటూ ఇటే వస్తుంది. బకెట్‌ని మందారానికి దూరంగా పెట్టండి. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే పిండినల్లో పేనుబంకో వచ్చిందని గుర్తు, ఆకు తిరగేసి చూడండి. మొదట్లోనే చూస్తే ఆ కొమ్మ తుంచి కవర్లో కట్టి పారేసి, నీళ్లు గట్టిగా చిమ్మితే చాలు. ముదిరితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పిచికారీ చేయండి. తర్వాత వారం ఆగి, బాగా కడిగి వాడుకోండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఆకులో చిన్నచిన్న చిల్లులు నాలుగు కనిపిస్తే కంగారొద్దు, పురుగుకీ కాస్త పెట్టాలి.

కింది ఆకులు పసుపు రంగుకి తిరిగి రాలుతుంటే మొక్కకి ఆకలి. బకెట్‌కి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్ వేయండి, లేదా వేరుశనగ చెక్క రెండు రోజులు నానబెట్టి పదింతలు నీళ్లు కలిపి పోయండి. ఆ వాసనకి పక్కింటివాళ్లు తలుపులేసుకుంటారు. బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు, కానీ దాంతోనే కడుపు నిండదు.

11. కోత. 35 నుంచి 40 రోజులకి మొక్క అడుగున్నర దాటుతుంది. మట్టికి 6 అంగుళాల పైన, మూడు నాలుగు కణుపులు వదిలి కత్తెరతో కోయండి. పక్కకొమ్మలు వస్తాయి, మళ్లీ 15, 20 రోజులకి రెండో కోత. మూడు నాలుగు కోతలయ్యాక కాడ నారపట్టి ఆకు చిన్నదవుతుంది, అప్పుడు పీకి మళ్లీ వేసుకోవడమే. నారపట్టడం వింతేం కాదు, గోగునార తీసేది ఈ చుట్టాల నుంచే.

నాకు ఒక్కో కోతకి బకెట్ నుంచి వచ్చే ఆకు, కాడలు తీశాక, 100 గ్రాములకి అటూ ఇటూ. మూడు బకెట్లు ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా. పచ్చడి పెట్టేరోజు ఆకు మీద నీళ్లు పోయకండి. వాన వెలిసిన పూట కోయకండి.

ఒక మొక్కని మాత్రం కోయకుండా వదిలేయండి. శీతాకాలానికి పసుప్పచ్చ పూలు పూసి కాయలు కాస్తుంది. కాయలు గోధుమరంగుకి తిరిగి ఎండాక, చేతికి గుడ్డ చుట్టుకుని కోయండి. పైనున్న సన్నని నూగు గుచ్చుకుని సాయంత్రం దాకా దురద పెడుతుంది. గింజలు కాగితం పొట్లంలో కట్టి, మీద నెల, సంవత్సరం రాయండి. ప్లాస్టిక్ కవర్లో కడితే చెమ్మ పట్టి చస్తాయి.

పచ్చడి

12. ఆకు ఆరబెట్టండి. అసలు పని ఇదే, దీన్నే అందరూ తొందరగా ముగిస్తారు. ఆకు తుంచి, పండినవీ చిల్లులు ఎక్కువున్నవీ తీసేసి, రెండు మూడు నీళ్లలో కడగండి. జల్లెడలో వోడ్చి, పాత నూలు చీర మీద పల్చగా పరచి, ఫ్యాను కింద నీడలో నాలుగైదు గంటలు వదిలేయండి. వానాకాలం అయితే రాత్రంతా. మధ్యలో ఒకసారి తిరగేయాలి. ఎండలో పెడితే పెళుసై రుచి పోతుంది.

ఎలా తెలుస్తుంది? గుప్పెడు ఆకు తీసి టిష్యూ పేపర్లో గానీ పొడి గుడ్డలో గానీ గట్టిగా నొక్కండి. తడి మచ్చ పడకూడదు. ఆకు వడిలి మెత్తబడినా ఫరవాలేదు, అదే కావాలి.

13. వేయించే దినుసులు. మూకుడు స్టీలుదో, మందపాటి ఎనామిల్‌దో వాడండి. అల్యూమినియం వద్దు, కళాయి లేని ఇత్తడి వద్దు. ఇనప మూకుడు కూడా వద్దు. సంతలో కొని నెలరోజులు నూనె పట్టించి నల్లగా తయారుచేసుకున్న ఇనప మూకుడిని ఒక్క గోంగూర వంటతో పాడుచేసుకున్నదాన్ని నేనే. పులుపు ఆ నలుపునంతా గీకినట్టు తీసేసి పచ్చడికి లోహపు రుచి అంటించింది.

సన్నసెగ మీద ముందు మెంతులు ఒట్టిగా వేయించండి, ఎరుపు తిరిగి వాసన రాగానే తీసేయండి. నల్లబడితే చేదు, ఆ చేదుకి విరుగుడు లేదు, పారేసి మళ్లీ వేయించుకోవాలి. తర్వాత ఆవాలు చిటపటలాడేదాకా, ధనియాలు కమ్మగా వేగేదాకా. చివర్న రెండు చెంచాల నూనెలో ఎండుమిర్చి. మిర్చి ఉబ్బి రంగు తేలాలి, మాడకూడదు. అన్నీ పూర్తిగా చల్లారనివ్వండి.

14. ఆకు మగ్గించండి. అదే మూకుట్లో 80 మిల్లీలీటర్ల నూనె వేడిచేసి ఆకు వేయండి. మూత పెట్టకండి! మూతకి పట్టిన ఆవిరి మళ్లీ పచ్చట్లోకే కారుతుంది. నిమిషంలో కొండంత ఆకు గుప్పెడవుతుంది, పచ్చరంగు పోయి ఆకు ముదురు గోధుమకి తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే అయిపోయిందనుకుని దించేస్తారు. ఇంకా సగమే అయింది.

చెవి పెట్టి వినండి. నీరున్నంతసేపు మూకుడు బుసబుసలాడుతుంది. ఆ చప్పుడు తగ్గి, నూనె సన్నగా సలసలమనే చప్పుడే మిగిలినప్పుడు, గరిటెతో మధ్యకి ఒక గీత గీయండి. గీతలోకి నీరు ఊరకూడదు, నూనె మాత్రం అంచుల్లో మెరవాలి. నాకు పదిహేను నిమిషాలు పడుతుంది. మీ పొయ్యిని బట్టి అటూ ఇటూ.

15. నూరండి. రోలు పొడిగా ఉండాలి. ముందురోజే కడిగి ఆరబెట్టుకోండి, రాయి గరుకుల్లో నీళ్లు మనకి కనిపించవు. ముందు మెంతులు, ఆవాలు, ధనియాలు, మిర్చి, ఉప్పు కలిపి మెత్తగా దంచండి. తర్వాత వెల్లుల్లి పది రెబ్బలు కచ్చాపచ్చాగా. ఆఖర్న చల్లారిన ఆకు వేసి, బండతో తిప్పుతూ కలిసేదాకా మాత్రమే నూరండి. ఆకు పోగులు కాస్త తెలియాలి. మిక్సీ అయితే పొడి మెత్తగా పట్టాక ఆకు వేసి, ఆపి ఆపి రెండు మూడు తిప్పులు. ఏకబిగిన తిప్పితే గోరింటాకు ముద్దలా తయారవుతుంది. తిరగడం లేదని నీళ్లు పోశారో, అది మూడురోజుల పచ్చడే.

రుచి చూడండి. ఈ దశలో ఉప్పు, కారం రెండూ కొంచెం ఎక్కువనిపించాలి. మర్నాటికి పులుపు పైకి తేలి వాటిని కిందకి లాగుతుంది. నిలవకి కాకుండా రెండు రోజుల్లో తినేయడానికైతే ఉప్పు సగం చేసి, మీ నాలుక చెప్పినట్టు వేసుకోండి.

16. తాలింపు. మిగిలిన నూనెలో ఎండుమిర్చి ముక్కలు, మిగతా అయిదు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు, ఇంగువ. కరివేపాకు కూడా తుడిచి ఆరబెట్టిందే వేయండి. శనగపప్పు, మినప్పప్పు నిలవ పచ్చట్లో వేయకండి, రెండో వారానికి మెత్తబడి నములుడు పోతుంది. తాలింపు చల్లారాకే పచ్చట్లో కలపండి.

17. సీసాకెత్తడం. సీసా వేడినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, లోపల వేలు పెట్టి చూసి మరీ నింపండి. పచ్చడి నొక్కి, మధ్యలో గాలి లేకుండా చేసి, పైన నూనె అర అంగుళం తేలాలి. చాలకపోతే ఇంకొంచెం నూనె కాచి చల్లార్చి పోయండి. ఫ్రిజ్‌లో పెడితే నెల దాటి బాగుంటుంది. తీసుకునే గరిటె పొడిగా ఉండాలి, అన్నం అంటిన చెంచా పెట్టేవాళ్లు ఇంట్లో ఉంటే వారానికి సరిపడా చిన్న గిన్నెలోకి విడిగా తీసిపెట్టండి. మా ఇంట్లో ఉన్నారు.

రెండో రోజు, వారం తర్వాత, ఒకసారి మూత తీసి చూడండి. పైన బుడగలొచ్చినా, కల్లు వాసన కొట్టినా, తెల్లగా బూజు కనిపించినా మొత్తం పారేయండి. పైది గీకేసి కిందది తినే పొదుపు వద్దు, బూజు వేళ్లు కనిపించే చోటుకన్నా కిందకే ఉంటాయి. నూనె అంతా పీల్చేసుకుని పైన పొడిబారితే మాత్రం కంగారు లేదు, కాచి చల్లార్చిన నూనె పోస్తే సరి. మరీ పులుపైతే తినేటప్పుడు పచ్చి ఉల్లిపాయ ముక్కలు నంజుకోండి, సీసాలో మాత్రం కలపకండి. ఉల్లిపాయ అంటే మళ్లీ నీళ్లే. కిడ్నీలో రాళ్ల బాధ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి తినాలి, గోంగూరలో ఆక్సలేట్లు ఉంటాయి.

18. రోలు కడిగే ముందు ఆగండి. పచ్చడి ఎత్తేశాక గరుకుల్లో ఇంకా నాలుగు చెంచాల పచ్చడి ఇరుక్కుని ఉంటుంది, గరిటెకి రాదు. పొగలు కక్కే అన్నం ఓ రెండు గుప్పెళ్లు అందులోనే వేసి, చెంచా నెయ్యి పోసి, చేత్తో రాయిని తుడిచినట్టు కలపండి. కలిపేది ఒకరైనా రోలు చుట్టూ ముగ్గురు చేయి చాచి కూర్చుంటారు. ముద్దలు చిన్నవి చేయండి.